పాత పికప్పుకి చక్రాలు వెతికేవాడికి

నూజివీడు పక్కన మా ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు నా మామిడికాయలు మోసిన మహీంద్రా పికప్పుని ఈమధ్య మా స్నేహితుడి కొడుక్కి ఇచ్చేశాను. జీపు మూతి, వెనక ఇనప తొట్టి ఉన్న పాత రకం బండి. ఇంజను గట్టిది. చాసిస్‌కి వంక పెట్టడానికి లేదు. పోయింది డిస్కులే. టైరు కూర్చునే అంచు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తోంది, మూడు నెలల్లో నాలుగు ట్యూబులు కోసుకుపోయాయి. కుర్రాడు వచ్చి, "బాబాయ్, ఎక్కడ అడిగినా తలా ఒక డిస్కు చూపించి ఇదే పడుతుంది అంటున్నారు. ఎవరి మాట నమ్మమంటావ్?" అన్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి బండ్లు మన పల్లెల్లో ఇంకా తిరుగుతున్నాయి. దొరికిన చక్రం బిగించి, దాని మీద టన్ను సరుకు, ఆ సరుకు మీద నలుగురు కూలీలు ఎక్కి పోతుంటే నాకు గుండె ఆగినంత పని అవుతుంది.

1. అయిదు బోల్టులున్న చక్రాలన్నీ ఒకటి కావు

చక్రం పడుతుందో లేదో చెప్పేది రంధ్రాల సంఖ్య ఒక్కటే కాదు. ఆ రంధ్రాల నడిమధ్యల మీదుగా ఒక వలయం గీస్తే దాని అడ్డుకొలత ఎంతో అది ముఖ్యం. షాపుల్లో పీసీడీ అంటారు. మా బండిది అయిదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. విల్లీస్ జీపు కాలం నుంచి వస్తున్న కొలత అది. మారుతీ జిప్సీదీ అదే.

నాలుగు బోల్టులైనా ఆరు బోల్టులైనా ఎదురెదురు రంధ్రాల నడిమధ్యకి టేపు పెడితే పని అయిపోతుంది. అయిదు బోల్టుల చక్రంలో ఏ రంధ్రానికీ సరిగ్గా ఎదురుగా ఇంకో రంధ్రం ఉండదు. కొలత తప్పేది అక్కడే. నేను పక్కపక్కనున్న రెండు రంధ్రాలు తీసుకుని, మొదటిదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు దాకా వెర్నియర్‌తో కొలుస్తాను. వచ్చిన అంకెని 1.7తో హెచ్చవేస్తే పీసీడీ వస్తుంది. మా బండికి ఆ మధ్య దూరం 82 మిల్లీమీటర్లు.

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. 1998 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్పు కొన్నాడు. అంతకు ముందు తరం ఎఫ్-150 డిస్కులు చవగ్గా దొరికాయని నాలుగూ తెచ్చుకున్నాడు. పేరు అదే, కంపెనీ అదే, రెంటికీ బోల్టులు అయిదే. కానీ ఫోర్డ్ వాళ్ళు 1996 దాకా ఎఫ్-150కి అయిదున్నర అంగుళాల వలయమే వాడి, 1997లో వచ్చిన తరానికి 135 మిల్లీమీటర్లు చేశారు. పక్కపక్క రంధ్రాల మధ్య చూస్తే తేడా మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కంటికి ఆనదు. బోల్టుకి తగిలించబోతే ఒకటి దూరుతుంది, రెండోది వాలుగా దూరుతుంది, మూడోది మొండికేస్తుంది. వాడు ఫోన్ చేసి, రంధ్రాలు కొంచెం పెద్దవి చేయిస్తే ఎలా ఉంటుంది మామయ్యా అన్నాడు. వద్దురా, ఆ నాలుగూ ఎవరికైనా అమ్మెయ్ అన్నాను. ఆకురాయితో రంధ్రం సాగదీద్దామనే మాట ఎవరి నోట వచ్చినా సరే, అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్.

2. అట్టముక్క చేతిలో పట్టుకుని వెళ్ళు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌కి వెళ్ళేముందు బండికి ఒక చక్రం విప్పు. దళసరి అట్టని హబ్బు మీద అదిమిపెట్టి బోల్టులు గుచ్చుకునేలా చరువు. నడుమ హబ్బు బొడిపె చుట్టూ పెన్సిల్‌తో గీయి. అట్ట వెనక టైరు సైజు, బోల్టు లావు, మర, డిస్కు లోతు రాసుకో. లోతు సంగతి ఇంకాస్త కిందకొస్తే చెప్తాను. వరసన నాలుగు షాపులు తిరిగేసరికి జ్ఞాపకం అలిసిపోతుంది, అట్ట అలవదు. ఆ అట్ట చూశాక షాపువాడు కూడా నీతో మాట్లాడే తీరు మారుతుంది.

3. నడుమ కన్నం

దీని గురించి ఎవరూ అడగరు. డిస్కు నడుమ కన్నం హబ్బు బొడిపె కన్నా చిన్నదైతే చక్రం ముఖం హబ్బుకి ఆనదు. దళసరి వాషరు వేసి సర్దుబాటు చేసినవాళ్ళని చూశాను, అది నేరం. కన్నం మరీ పెద్దదైతే చక్రాన్ని నడిమధ్య నిలబెట్టే భారమంతా నట్ల ఏటవాలు మీదే పడుతుంది. అప్పుడు కింద చెప్పబోయే నట్ల సంగతి రెండింతలు ముఖ్యం.

4. ఎక్కిన నట్టల్లా ఆ బోల్టుదే అనుకోవద్దు

ఒక మే నెలలో వెనక కుడి హబ్బులో మూడు బోల్టుల మర అరిగిపోయింది. కాయలు కోతకొచ్చి ఉన్నాయి, ఆగడానికి లేదు. దగ్గర్లో ఒకచోట మూడూ మార్పించాను. పాతవి అర అంగుళం బోల్టులు, అంటే 12.7 మిల్లీమీటర్ల లావు, అంగుళానికి ఇరవై మరలు. వాళ్ళు వేసినవి 12 మిల్లీమీటర్లవి. అర అంగుళం బోల్టులో మరకీ మరకీ మధ్య 1.27 మిల్లీమీటర్లు, ఆ 12 మిల్లీమీటర్ల దాంట్లో 1.25. చూశారా ఎంత దగ్గరో! అందుకే నా పాత నట్లు ఆ కొత్త బోల్టుల మీద పేచీ పెట్టకుండా ఎక్కాయి. పానా మీద కాలు వేసి తొక్కితే బిగిసినట్టే ఆగాయి. బిగుసుకున్నది మర అంచున గోరంత మాత్రమే.

టన్ను బంగినపల్లి వేసుకుని నున్న మార్కెట్‌కి బయల్దేరాను. మొదటి పది కిలోమీటర్లు బాగానే ఉంది. తర్వాత మలుపు తిరిగినప్పుడల్లా వెనక టక్ టక్‌మని చప్పుడు. తొట్టిలో ఏదో కదులుతోందనుకున్నాను. రెండో మలుపుకి స్టీరింగ్‌లో కాదు, కూర్చున్న సీటులో వణుకు తెలిసింది. ఆపి దిగి చూస్తే ప్రతి నట్టు చుట్టూ ఎర్రటి నుసి, అక్కణ్ణుంచి బయటికి తోకల్లా చారలు. ఒక నట్టుని వేళ్ళతో పట్టుకున్నాను. అది తిరగలేదు, తిన్నగా ఊడి చేతిలోకి వచ్చేసింది. లోపల సన్నటి ఇనప తీగ చుట్టలాంటిది మెరుస్తోంది. బోల్టు మీది మర తెగి నట్టులోకి వచ్చేసింది. డిస్కు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి. ఆ డిస్కుని ఇంటికి తెచ్చాక మళ్ళీ ఎవరూ వాడకుండా గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేయించాను.

అందుకే కొత్త నట్టుని ముందు పానా లేకుండా చేత్తో నాలుగు చుట్లు తిప్పు. అక్కడ ఆపి అటూ ఇటూ ఊపు. గిలగిల ఆడితే అది ఆ బోల్టుది కాదు. నట్టు మొహం కూడా చూడు. మన ఇనప డిస్కులకి ఏటవాలు మొహం నట్టు కావాలి. కొన్ని చక్రాలకి గుండ్రని మొహం, కొన్నిటికి చదును మొహం ఉంటాయి. ఒకదాని చోట ఒకటి వేస్తే గీత మేర ఆనుతుంది తప్ప కూర్చోదు.

5. ఎడమ మర

మా నాన్న దగ్గర విల్లీస్ జీపు ఉండేది. దాని ఎడమవైపు చక్రాలకి నట్లు తిరగబడి ఉండేవి, సవ్యంగా తిప్పితే ఊడతాయి, అపసవ్యంగా తిప్పితే బిగుస్తాయి. బోల్టు తల మీద ఇంగ్లీషు ఎల్ అక్షరం చెక్కి ఉంటుంది. తెలియని మనిషి పానాకి పైపు తొడిగి ఊడదీస్తున్నాననుకుని ఇంకా బిగించి బోల్టు తుంచేస్తాడు. పాత జీపు వంశం బండి ఏది కొన్నా ఆ అక్షరం కోసం గుడ్డతో తుడిచి చూడు.

6. లోతు కొలవాలి

డిస్కుని బోర్లా పడుకోబెట్టు. వెనక అంచుల మీద ఒక తిన్నని బద్ద అడ్డంగా పెట్టి, బద్ద దగ్గర్నుంచి హబ్బుకి ఆనే ముఖం దాకా కొలువు. పాతదీ కొత్తదీ అయిదారు మిల్లీమీటర్ల తేడాలో ఉంటే నేను ఒప్పుకుంటాను. లోతు ఎక్కువైతే టైరు లోపలికి జరిగి కమాను కట్టకి రాసుకుంటుంది. తక్కువైతే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. చూడ్డానికి ఠీవిగా ఉంటుంది, కుర్రాళ్ళకి అదే కావాలి. బరువంతా బయటి బేరింగు మీద పడి అది ఏడాది తిరక్కుండా మూలుగుతుంది. స్పేసర్లు వేసినా జరిగేది అదే. ఖాళీ బండికి పరీక్ష చెయ్యొద్దు. సరుకు వేసి, స్టీరింగ్ చివరిదాకా రెండువైపులా తిప్పి, టైరు ఎక్కడైనా తాకుతోందేమో వంగి చూడు.

7. పడుతుంది వేరు, మోస్తుంది వేరు

మా కుర్రాడికి ఎక్కువసేపు చెప్పింది ఇది. అట్ట తీసుకెళ్ళి జిప్సీ డిస్కులు పట్టుకొచ్చాడు. వలయం సరిపోయింది, నడుమ కన్నం ఇంచుమించు సరిపోయింది, వాడి ముఖం వెలిగిపోతోంది. నేను వద్దన్నాను. జిప్సీ మనుషుల్ని మోసే తేలిక బండి. మనది సరుకు బండి. టన్ను వేసినప్పుడు వెనక ఒక్కో చక్రం మీద ఏడు వందల కిలోలు దాటుతుంది. జిప్సీ సైజు 205/70 ఆర్15 టైర్లు నేను చూసినవాటి మీద 95 అనే అంకె ఉంది. ఆ 95కి అర్థం 690 కిలోలు. 100 అంటే 800, 104 అంటే 900, 108 అంటే వెయ్యి. సరుకు బండికి నేను 104కి తగ్గను.

టైరు మీద రాసినట్టే మంచి అల్లాయ్ చక్రం మీద కూడా అది మోసే బరువు పోతపోసి ఉంటుంది. జపాన్ ప్రమాణం గుర్తు ఉంటే జేడబ్ల్యూఎల్ అని ఒక్కటే ఉందా, చివర టీ కూడా ఉందా చూడు. టీ లేనిది కారుకి, ఉన్నది చిన్న ట్రక్కుకీ బస్సుకీ. ఏమీ రాసిలేని చక్రం ఎంత మెరిసినా అక్కడే పెట్టెయ్. నన్నడిగితే ఇలాంటి బండికి ఇనప డిస్కే. అదే కంపెనీ సరుకు బండి ఒకటి తుక్కుకి వచ్చిందని తెలిస్తే ముందు దాని దగ్గరికి పరిగెత్తు.

8. పాత డిస్కుకి కొత్త రంగు వేసి ఉంటే అనుమానించు

నట్టు రంధ్రాల చుట్టూ, గాలి కన్నాల మూలల్లో, నడిమి పళ్ళెం రింగుకి అతికిన వెల్డింగ్ దగ్గర నెరియలు పడతాయి. రంగు గీకేసి ఆ చోట్ల కిరసనాయిలు రాసి పది నిమిషాలు వదిలెయ్. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి సుద్దపొడి పుయ్యి. నెరియ ఉంటే లోపల దిగిన నూనె పైకి ఊరి తెల్లటి సుద్దలో నల్లని వెంట్రుకలా గీత కనిపిస్తుంది. అలాంటి డిస్కుని వెల్డింగ్ చేయించడం గురించి ఆలోచించకు. గీత రాకపోతే హబ్బుకి తగిలించి, జాకీ మీద లేపి తిప్పు. అంచు పక్కన ఒక పుల్ల కదలకుండా నిలబెడితే ఎక్కడ వంకరో అదే చెబుతుంది.

9. ఎత్తు, స్టెప్నీ

మా బండికి పుట్టుకతో వచ్చినవి 6.00-16 టైర్లు, ఎత్తు దాదాపు 720 మిల్లీమీటర్లు. 205/70 ఆర్15 ఎత్తు 668. బండి రెండున్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, మన తోట దారుల్లో అది పెద్ద మాటే. మీటరు అరవై చూపిస్తుంటే నిజంగా నడిచేది యాభై ఆరే. అదే 215/75 ఆర్15 అయితే 703, తేడా తక్కువ. ఏదైనా అయిదూ ఒకటే కొను. వెనక ఒకవైపు పెద్దది ఒకవైపు చిన్నది ఉంటే తిన్నటి దారిలో కూడా డిఫరెన్షియల్ తిరుగుతూనే ఉండి అరుగుతుంది. సగం ధరకి వస్తోందన్న టైరు మీద నాలుగంకెల తేదీ చూడు. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం.

10. బిగింపు

హబ్బు ముఖాన్ని తీగ బ్రష్షుతో రుద్ది ఇనుము కనిపించేదాకా తుప్పు తీసెయ్. డిస్కు ఆనే చోట దట్టంగా రంగు ఉంటే గీకెయ్, ఆ పొర నలిగిన కొద్దీ నట్లు వదులవుతాయి. చక్రం గాల్లో ఉండగానే నట్లన్నీ చేత్తో ఎక్కించి, ఒకటి వదిలి ఒకటిగా నక్షత్రం గీసినట్టు బిగించు. కిందికి దించాక అదే వరసలో ఇంకోసారి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ, సరుకుతో మొదటి కిరాయి అయ్యాక మళ్ళీ. దిగినప్పుడల్లా హబ్బుల మీద అరచెయ్యి ఆనించు. నాలుగింటిలో ఒకటే చురుక్కుమంటే అక్కడ ఏదో ఉంది.

అబ్బాయ్, ఆ జిప్సీ డిస్కులు వాపసు ఇచ్చేసి ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని రా. వెనక కుడి హబ్బులో బోల్టులు ముందు చూద్దాం. నేను అర అంగుళంవి మళ్ళీ వేయించాను గానీ, వాటికీ వయసొచ్చింది.