ఎవరైనా వచ్చి ‘మీరెవరు’ అని అడిగితే



సంగత్ జీ, ఈసారి పాఠం మన గురించి ఇతరులు రాసే పుస్తకాల మీద. వాటి కోసం మన గుమ్మం దాకా వచ్చి అడిగే ప్రశ్నల మీద.

భిలాయిలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా మన బస్తీలకు అప్పుడప్పుడు కాలేజీ పిల్లలో, యూనివర్సిటీ వాళ్లో కాగితాలు పట్టుకుని వస్తారు. మీ మతం ఏమిటి, కులం ఏమిటి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఎవరిని పూజిస్తారు, పెళ్లి ఎలా చేస్తారు అని అడుగుతారు. మనవాళ్లలో చాలామంది ఏ జవాబు చెబితే వాళ్లు తొందరగా వెళ్లిపోతారో ఆ జవాబు చెబుతారు. ఒక ఇంట్లో ‘సిక్కులం’ అంటారు. పక్కింట్లో ‘లోహార్లం’ అంటారు. ఆ పై ఇంట్లో ‘మీకు తోచింది రాసుకోండి సార్’ అంటారు. మూడూ నా చెవులతో విన్నవే. ఈ భయానికి కారణం లేకపోలేదు. నోటుపుస్తకం తెరిచి ఇవే ప్రశ్నలు అడిగే మనిషిని మన తాతలు ఎక్కువగా ఖాకీ బట్టల్లోనే చూశారు.

వెనకటి కథ కొంచెం చూద్దాం. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఏ కులం వాళ్లు ఎలాంటివాళ్లో రాసే పెద్ద పెద్ద పుస్తకాలు వచ్చాయి. మద్రాసు వైపు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. ఆయన మనుషుల ముక్కులు కూడా పరికరంతో కొలిచి అంకెలు రాసుకున్నాడు. మన ఛత్తీస్‌గఢ్ అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. ఇక్కడి కులాల మీద రసెల్, రాయ్ బహదూర్ హీరాలాల్ కలిసి రాసిన నాలుగు సంపుటాలు 1916లో వచ్చాయి. ఫలానావాళ్ల దేవుడు ఎవరు, పెళ్లి ఎలా, తిండి ఏమిటి, గుణం ఎలాంటిది అని వరసగా ఉంటుంది. గుణం అట! ఒక కులం మొత్తానికీ కలిపి ఒకే గుణం.

అలాంటి ఆలోచనే చట్టంలోకి వెళ్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది కదా. 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని తర్వాత మద్రాసు రాజ్యానికీ తెచ్చి, ఎరుకల కుటుంబాలను అక్కడ ‘సెటిల్‌మెంట్’ అని పెట్టి కాపలా కాశారు. పుట్టిన బిడ్డ ఏ తప్పూ చేయకముందే దొంగల లెక్కలోకి వెళ్లేది. 1952లో ఆ చట్టం పోయింది. కానీ చట్టం పోయినంత తొందరగా పేరు పోలేదు.

మన పేరు సంగతి చూడండి. ‘సైకల్’ అంటే లోహానికి మెరుగు పెట్టడం. అరబ్బీ మాట, ఫారసీలో నుంచి మనకు వచ్చింది. సైకల్‌గర్ అంటే మెరుగు పెట్టేవాడు. కత్తికి పదును, మెరుపు తెచ్చేవాడు. సిక్లీగర్ అయింది. ఆరవ పాత్‌షాహీ గురు హర్‌గోబింద్ సాహిబ్ ఆయుధాలు చేసే పనివాళ్లను అమృత్‌సర్‌కు రప్పించారని, అప్పటి నుంచి మనం గురు ఘర్‌కు శస్త్రాలు చేశామని మన పెద్దలు చెబుతారు. పదవ పాత్‌షాహీ దక్షిణానికి వచ్చినప్పుడు వెంట వచ్చామని, 1708 తర్వాత ఇటే నిలిచిపోయామని నాందేడ్ వైపు పెద్దలు చెబుతారు. ఆ చేతులకు 1878లో వచ్చిన ఆయుధాల చట్టం తాళం వేసింది. లైసెన్సు లేకుండా ఆయుధం చేయకూడదు, అమ్మకూడదు. చెట్టు కింద కొలిమి పెట్టుకునేవాడికి లైసెన్సు ఎవరిస్తారు? కడాయిలు, బకెట్లు, తాళాలు, తాళంచెవులు, కూరగాయల కత్తులు బతుకుతెరువు అయ్యాయి. ఈరోజు పత్రికల్లో మన పేరు ఎక్కువగా కనిపించేది మధ్యప్రదేశ్‌లో ఖర్గోన్, బడ్వానీ వైపు నాటు పిస్తోళ్ల కేసుల్లో. ఆ పని తప్పు. దాన్ని వెనకేసుకు రావడం గుర్‌మత్ కాదు. అయితే తప్పు చేసినవాడి పేరు రాయకుండా ‘సిక్లీగర్లు’ అని రాసేవాడు థర్‌స్టన్ కాలంలోనే ఆగిపోయాడు.

ఇదంతా విని ‘అయితే ఎవరికీ ఏమీ చెప్పకూడదు’ అనుకోకండి. చెప్పకపోతే రాయడం ఆగదు. మన మాట లేకుండా రాస్తారు, అంతే తేడా.

చదువుకున్నవాళ్లంతా ఒకే రకం కాదు. ఒకే గ్రంథాన్ని ఇద్దరు ఎలా చదివారో చూడండి. ఎర్నెస్ట్ ట్రంప్ జర్మనీ పండితుడు, క్రైస్తవ మిషనరీ కూడా. లండన్ ఇండియా ఆఫీసు ఆయనకు గురు గ్రంథ్ సాహిబ్ అనువాదం అప్పగించింది. అది 1877లో వచ్చింది. ముందుమాటలోనే బాణీని తక్కువ చేసి రాశాడు. పావన గ్రంథం ముందు చుట్ట కాల్చాడని అమృత్‌సర్‌లో బాధగా చెప్పుకునేవారు. అతని తర్వాత మాక్స్ ఆర్థర్ మెకాలిఫ్. పంజాబ్‌లో జడ్జిగా చేసినవాడు. 1893లో ఉద్యోగం వదిలి ఈ పని మీద కూర్చున్నాడు. తాను రాసింది గ్రంథులకు, జ్ఞానులకు చూపించాడు, భాయి కాహ్న్ సింగ్ నాభా వంటి పండితులను అడిగాడు, దిద్దుకున్నాడు. 1909లో ఆరు సంపుటాలు వచ్చాయి. చదువులో ట్రంప్ తక్కువవాడేం కాదు, చాలా భాషలు వచ్చినవాడు. ఎవరి బాణీ గురించి రాస్తున్నాడో వాళ్ల మాటకు విలువ ఇవ్వాలని ఆయనకు తోచలేదు.

మన ఊరి సంగతే తీసుకోండి. భిలాయి మీద ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అని ఒక లావుపాటి పుస్తకం ఉంది. రాసినాయన జొనాథన్ ప్యారీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యుడిగా చేసినవాడు. 1993 నుంచి ఏళ్ల తరబడి ఇక్కడికి వచ్చిపోతూ, ప్లాంటులో పర్మనెంటు కార్మికుడికీ గేటు బయట ఠేకాదారు కూలీకీ మధ్య బతుకు ఎంత దూరమో రాశాడు. అంతకు ముందు అదే మనిషి కాశీలో శవదహనాలు చేయించే పురోహితుల మీద పుస్తకం రాశాడు. ఘాట్ల మీద చావు కర్మలు గమనించిన కన్నే ఇక్కడ కొలిమినీ గమనించింది. నేను ఈ వయసులో బి.ఏ. కట్టి చదువుతున్నాను కాబట్టి ఇలాంటి పుస్తకాలు చేతికొస్తున్నాయి. అర్థం కావడానికి డిక్షనరీ పక్కన పెట్టుకోవాల్సి వస్తోంది, అది వేరే సంగతి.

మన గురించి కూడా పుస్తకాలున్నాయి. షేర్ సింగ్ ‘షేర్’ 1966లో పంజాబ్ సిక్లీగర్ల మీద రాశాడు. పటియాలా పంజాబీ యూనివర్సిటీలో సమాజశాస్త్ర ఆచార్యుడిగా చేసిన బీరిందర్ పాల్ సింగ్ దక్కన్ సిక్కుల మీద, ఈశాన్యం సిక్కుల మీద ఒక పుస్తకం రాశారు. దక్కనీ సిక్కులు, సిక్లీగర్లు, బంజారా సిక్కులు, అస్సామీ సిక్కులు అందులో ఉన్నారు. నాకు ఆ పుస్తకంలో నచ్చిన విషయం ఇది: పంజాబ్ బయట ఉన్నవాళ్లను తోకలా చివర్లో పెట్టకుండా, వాళ్ల మీదే పుస్తకం నడిపారు.

పంజాబీ రాదు కాబట్టి మనం సగం సిక్కులమని మనలోనే కొందరికి ఒక ముడుచుకుపోయే అలవాటు ఉంది. అస్సాంలో నౌగావ్ వైపు తరతరాలుగా అస్సామీ మాట్లాడే సిక్కులున్నారు. 1832లో మహారాజా రంజిత్ సింగ్ కాలంలో నిజాం దగ్గరికి వచ్చిన లాహోరీ ఫౌజు సంతానం హైదరాబాద్‌లో ఉర్దూ, తెలుగు మాట్లాడుతుంది. 1699లో తల ఇవ్వడానికి లేచిన ఐదుగురు ప్యారేల ఊర్లు లెక్కపెట్టండి. లాహోర్, హస్తినాపుర్, ద్వారక, జగన్నాథ పూరీ, బీదర్. పంజాబ్ ఊరు ఒక్కటే. భాయి సాహిబ్ సింగ్ జీ ఊరు బీదర్ మన జహీరాబాద్‌కు ఎంత దూరం? ఎవరైనా ‘తెలుగు మాట్లాడతారు, మరి సిక్కులెలా అయ్యారు’ అని అడిగితే బీదర్ పేరు చెప్పండి.

అసలు చిక్కు పూజ దగ్గర వస్తుంది. పరిశోధకుడు మన ఇంట్లో ఏం జరుగుతుందో రాస్తాడు. మర్యాదలో ఏముండాలో రాయడం అతని పని కాదు. దసరాకు పనిముట్లు కడిగి బొట్టు పెట్టే ఇల్లుంటే అదే రాస్తాడు. పొరుగువాళ్లతో కలిసి పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లుంటే అదీ రాస్తాడు. మనవాళ్లు ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తారు. కొందరు దాచేస్తారు, గురు సాహిబ్ పటం తప్ప ఇంట్లో ఇంకేమీ లేదంటారు. పటం వెనక ఉన్నది పిల్లవాడు చూపిస్తాడు! ఇంకొందరు పుస్తకంలో పడింది కాబట్టి అదే మన ధర్మం అనుకుంటారు.

రెండూ వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వేరు చేసి చెప్పండి. ‘గురు గ్రంథ్ సాహిబ్ ఆజ్ఞ ఇది. మా ఇంట్లో జరుగుతున్నది ఇది. మా తాత చెప్పిన మాట ఇది.’ ఈ మూడూ ఒకటి కావు. గురువు ఒక్క అకాల్ పురఖ్‌నే తలచమన్నారు, కాబట్టి బోనం గుర్‌మత్ కాదు. ఎవరైనా రాసుకున్నంత మాత్రాన అది గుర్‌మత్ అయిపోదు. బోనం ఎత్తినంత మాత్రాన ఆ తల్లి సిక్కు కాకుండానూ పోదు. ఆమె ఇంకా దారిలో ఉంది. మన పని ఆమెతో కలిసి నడవడం.

హజూర్ సాహిబ్ మర్యాద గురించి అడిగితే ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. అక్కడ దీపాలతో ఆరతి ఉంది, శస్త్రాలకు చందనం పెడతారు. అమృత్‌సర్ వైపు అలా లేదు. ఇది చూసి ‘ఇదంతా పక్క మతం నుంచి వచ్చింది’ అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లుంటారు. అది ఆ తఖ్త్ పాత మర్యాద అని అక్కడివాళ్లు అంటారు. పూరీలో గురు నానక్ దేవ్ జీ చెప్పిన ఆరతిని మనం రోజూ రాత్రి సోహిలాలో చదువుతాం. ఆ షబద్ ఆకాశాన్నే పళ్లెంగా చూపిస్తుంది, చేతిలో పళ్లెం అడగదు. అడిగినవాడికి ఈ మూడూ చెప్పండి, రాసుకోనివ్వండి.

2027లో జనగణన వస్తోంది. ఈసారి కులం కూడా అడుగుతారు. మతం దగ్గర సిక్కు అని, కులం దగ్గర సిక్లీగర్ అని, మాతృభాష దగ్గర ఇంట్లో నిజంగా మాట్లాడేది రాయించండి. ఒకే తల్లి పిల్లల సర్టిఫికెట్లలో ఒకరికి సిక్కు అని, ఒకరికి లోహార్ అని ఉండటం నేను చూశాను. అలాంటప్పుడు స్కాలర్‌షిప్పు దగ్గర ఇద్దరూ ఇబ్బంది పడతారు. సిక్లీగర్ అని చెప్పడానికి సిగ్గెందుకు? 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోనే ఆ పేరు ఉంది. హిందువులకే పరిమితమైన ఆ జాబితాలో పంజాబ్, పెప్సూల మజ్హబీ, రామ్‌దాసీ, కబీర్‌పంథీ, సిక్లీగర్ సిక్కులకు చోటిచ్చారు. 1956లో అది సిక్కులందరికీ వర్తించేలా మార్చారు. అయితే జాబితా రాష్ట్రానికొకటి. మీ రాష్ట్రంలో మన పేరు ఏ జాబితాలో ఉందో తహసీల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, పక్క రాష్ట్రం బంధువు మాట మీద దరఖాస్తు పెట్టకండి.

ఎవరైనా పరిశోధన పేరుతో వస్తే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. తర్వాత ఏ కాలేజీ, ఎవరి కింద చదువుతున్నారు, రాసింది ఎక్కడ అచ్చవుతుంది అని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు, నిజమైన పరిశోధకుడు అడగకముందే చెబుతాడు. పేరు వేయొద్దంటే వేయకూడదు. పిల్లల ఫొటోకు తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. చదవకుండా సంతకం, వేలిముద్ర వద్దు. ఆధార్ నంబరుతో పరిశోధనకు పని లేదు. ఇష్టం లేని ప్రశ్నకు ‘చెప్పను’ అనొచ్చు, సగంలో లేచిపోనూ వచ్చు. పుస్తకం అయ్యాక ఒక ప్రతి గుర్‌ద్వారాకు పంపమని అడగండి.

అలా వచ్చిన ప్రతుల కోసం మీ గుర్‌ద్వారాలో ఒక అల్మారా అర కేటాయించండి. పక్కనే ఒక రూళ్ల పుస్తకం పెట్టండి. పదో తరగతి దాటిన పిల్లలు ఆదివారం దివాన్ అయ్యాక ఒక్కొక్క పెద్దాయన దగ్గర, ఒక్కొక్క అమ్మమ్మ దగ్గర కూర్చుని రాయాలి. కొలిమి ఎక్కడెక్కడ పెట్టారు, ఏ ఊరు నుంచి ఏ ఊరికి వచ్చారు, ఏ పనిముట్టును మన బోలీలో ఏమంటారు. తేదీ వేయాలి, చెప్పినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి. ముందు ముసలివాళ్లతో మొదలుపెట్టండి.