తెరమీది ముఖం, పక్కింటి మనిషి
(మతం, వర్ణం, సినిమా: ఒక అధ్యయన పాఠం)



మా చాట్రాయి వైపు డిసెంబరు వచ్చిందంటే తోటల్లో మామిడి పూత కోసం ఎదురుచూపు మొదలవుతుంది. క్రైస్తవ పేటల్లో ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. మాలో యాభై దాటినవారికి ఇంకొకటి కూడా గుర్తుంటుంది. ఆ రోజుల్లో రెండు గుంజల మధ్య తెల్లగుడ్డ కట్టి ‘కరుణామయుడు’ సినిమా వేసేవారు. ఏ మతమని చూడకుండా జనం వచ్చి గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవారు. మనవాళ్లూ వెళ్లేవారు.

అలాంటి ఒక రాత్రి ఒక పిల్లవాడు తండ్రిని అడిగాడు: “అబ్బా, ఈయన మన ఈసా నబీయేనా?” తండ్రి ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, “ఇంటికెళ్లాక చెబుతాలే” అన్నాడు. ఇంటికెళ్లాక ఇద్దరూ మరచిపోయారు. ఆ పిల్లవాడు ఇప్పుడు మా కమిటీలో ఒకడు. ఆనాడు చెప్పకుండా వదిలేసిన జవాబును ఈ సంచికలో చెప్పుకుందామని ఈ పాఠం రాస్తున్నాం. చెప్పబోయాక తెలిసింది, ఆ జవాబు మొదట అనుకున్నంత చిన్నది కాదని.

1. ఒకే పేరు, రెండు విశ్వాసాలు

ముందు తేడాను దాచకుండా చెప్పుకోవాలి. మనకు ఈసా (అలైహిస్సలాం) దైవప్రవక్త, మసీహ్. తండ్రి లేకుండా హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం)కు పుట్టిన మహనీయుడు. దివ్యఖుర్‌ఆన్‌లో ఆ తల్లి పేరు మీదనే ఒక సూరా ఉంది. అయితే ఆయనను దైవకుమారుడని మనం అనం. క్రైస్తవులు మాత్రం దేవుడే మానవ శరీరం ధరించి ఆయన రూపంలో వచ్చాడని నమ్ముతారు. వారి వేదాంతానికి మూలస్తంభం అదే.

రెండు మతాల సినిమాలు రెండు దారుల్లో నడవడానికి ఈ తేడాయే కారణం. 1976లో ముస్తఫా అక్కాద్ తీసిన ‘ది మెసేజ్’ మన ప్రవక్త (స) చరిత్ర. కానీ అందులో ఆయన రూపం కనబడదు, గొంతు వినబడదు. ఎదుటివారు కెమెరా వైపు చూసి మాట్లాడతారు. రెండేళ్ల తర్వాత, 1978లో వచ్చిన ‘కరుణామయుడు’లో యేసు అడుగడుగునా కనబడతాడు. ఎ. భీంసింగ్ దర్శకుడు. చిత్రం విడుదల కాకముందే ఆయన కన్నుమూశారు. యేసు పాత్ర వేసింది విజయచందర్. దేవుడు శరీరం ధరించాడని నమ్మేవారికి ఆ శరీరాన్ని తెరమీద చూపడం విశ్వాసానికి విరుద్ధం కాదు. ఏ ప్రవక్త రూపాన్నీ చిత్రించకపోవడం మన అదబ్. వారి పద్ధతిని మనం అనుసరించనక్కరలేదు. కానీ వారు అలా ఎందుకు చేస్తారో తెలుసుకుంటే హేళన చేయాలన్న ఆలోచన రాదు. పొరుగువారితో మాట కలపడానికి అది మొదటి మెట్టు.

2. శరీరానికి ఒక రంగు ఉంటుంది

దేవుడు శరీరం ధరించాడన్నాక ఆ శరీరం రంగేమిటన్న ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్న క్రైస్తవ లోకాన్ని చాలాకాలంగా కుదిపేస్తోంది.

యేసు పుట్టింది పాలస్తీనా గడ్డమీద, ఒక యూదు ఇంట్లో. కానీ ప్రపంచమంతా తిరిగిన బొమ్మలో ఆయన తెల్లగా, గోధుమరంగు జుట్టుతో యూరపు దొరలా ఉంటాడు. 1940లో వార్నర్ సాల్‌మన్ అనే అమెరికా చిత్రకారుడు వేసిన అలాంటి బొమ్మ కోట్ల ప్రతులు అచ్చయింది. అదే అమెరికాలో నల్లవారిని బానిసలుగా కొని అమ్మిన యజమానులు ఆదివారం చర్చికి వెళ్లి ఆ యేసుకే మొక్కారు. 1969లో జేమ్స్ కోన్ అనే నల్లజాతి వేదాంతి దీన్ని నిలదీస్తూ ‘నల్ల వేదాంతం’ గురించి పుస్తకం రాశారు. యేసు అణచినవారి పక్షాన కాదు, అణగారినవారి పక్షాన ఉన్నాడన్నది ఆయన వాదం. తర్వాత 2011లో వచ్చిన మరో పుస్తకంలో, శిలువనూ, మూకలు నల్లవారిని ఉరితీసిన చెట్లనూ పక్కపక్కన పెట్టి చూపారు. నల్లవారిని ఉరితీసిన మూకల్లో చర్చికి వెళ్లేవారు కూడా ఉన్నారన్నదే ఆయనను కలచివేసిన విషయం.

మన దగ్గర రంగు కంటే కులం బలమైనది. రెండూ ఒకటి కావు, కానీ రెండూ పుట్టుకను చూసి మనిషికి వెల కడతాయి. 1981లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో మన దేశంలో దళిత వేదాంతం ఒక రూపం తీసుకోవడం మొదలైంది. తెలుగువారికి ఈ బాధ అంతకు ఎంతో ముందే తెలుసు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా క్రైస్తవుడై కూడా అంటరానితనం అనుభవించారు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో ఒక దళితుడు తన మొర కాశీ విశ్వనాథుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడిలోకి అతడు వెళ్లలేడు, గబ్బిలం వెళ్లగలదు. ఆ కవే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయనే పారశీక ముస్లిం కవి ఫిరదౌసికి సుల్తాను చేసిన అన్యాయం మీద ఒక కావ్యం రాశారు. అన్యాయానికి గురైనవాడి మతమేమిటని ఆయన అడగలేదు.

ఇప్పుడు మన తెల్లగుడ్డ తెర దగ్గరికి మళ్లీ వద్దాం. ‘కరుణామయుడు’ ఒక పెద్ద పని చేసింది. యేసు చేత తెలుగు మాట్లాడించింది. మోదుకూరి జాన్సన్ వంటి తెలుగు రచయితల కలం దానికి తోడైంది. తర్వాత అది ఇతర భారతీయ భాషల్లోకీ వెళ్లింది. కానీ ముఖం మాత్రం క్యాలెండరు బొమ్మ పోలికలోనే ఉండిపోయింది. ఎండలో తోటపని చేసి నల్లబడిన పేటల జనం ఆ తెల్లని ముఖాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లు నిజమైనవి. దేవుడి రంగు తమ రంగు కాదన్న సందేశం కూడా అదే తెరమీద నుంచి మాట లేకుండా వారికి చేరింది. అందుకే దళిత వేదాంతులు ఆ ముఖం ఎవరిదని అడుగుతున్నారు.

3. ఒంగోలు నుంచి రాజ్యాంగం దాకా

తెలుగు క్రైస్తవుల చరిత్రలో దాతలమైన మనకు పనికొచ్చే ఘట్టం ఒకటుంది. 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ వద్దకు మొదట పైకులాలవారు వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని చెప్పారు. క్లౌ మాదిగల వైపే నిలబడ్డారు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సోదరుడు ఆ ఉద్యమానికి ముందు నడిచాడు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇచ్చారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వడం ఆపేశారు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. సహాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారి విశ్వాసంతో మనకు ఏకీభావం లేదు. కానీ ఆకలితో ఉన్నవాడి విశ్వాసాన్ని బేరం పెట్టకూడదన్న నియమం మనకూ ప్రాణం లాంటిదే.

ఇంత జరిగినా కులం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదు. చాలాచోట్ల మాలలు ఒక సంఘం, మాదిగలు ఒక సంఘం అయ్యారు. పెళ్లిళ్లు కులంలోపలే జరిగాయి. ప్రభుత్వ చట్టం మాత్రం మతం మారితే కులం పోయినట్టే లెక్క వేసింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు బయటే ఉండిపోయారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధన తీసేయాలని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించాలని 2023 మార్చిలో మన రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. మిశ్రా కమిషన్ సిఫారసు వారికీ మనకూ కలిపి చేసినది. ఒకే ఉత్తర్వు వల్ల బయట నిలబడిన రెండు సమాజాలు ఈ విషయంలో ఒకరితో ఒకరు ఎంత తక్కువ మాట్లాడుకున్నాయో తలచుకుంటే సిగ్గేస్తుంది.

4. మన ఇంటి అద్దం

ఇంతవరకు చదివి, “ఇది వారి సమస్య, మన మసీదులో అందరూ ఒకే వరుసలో నిలబడతారు” అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజమే, గర్వించదగినదే. మక్కా విజయం రోజున కాబా పైకెక్కి అజాన్ పలికింది హబషీ బానిసగా బతికిన హజ్రత్ బిలాల్ (రజి). అరబ్బుకు అరబ్బేతరుడి మీద గానీ, తెల్లవాడికి నల్లవాడి మీద గానీ ఆధిక్యం లేదని, దైవభీతి ఒక్కటే కొలమానమని ప్రవక్త (స) అంతిమ హజ్ ప్రసంగంలో బోధించారు.

కానీ హదీసుల్లో మరో సంఘటన కూడా ఉంది. హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహాబీ ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని తల్లి పుట్టుక ఎత్తి తూలనాడారు. ఆ వ్యక్తి బిలాలేనని కొన్ని ఉల్లేఖనాలు చెబుతాయి. ఆయనలో ఇంకా జాహిలియత్ మిగిలి ఉందని ప్రవక్త (స) గట్టిగా మందలించారు. అబూజర్ (రజి) అంతటివారికే ఆ మందలింపు అవసరమైతే, మనం ఎంత?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట చదువు సాయం కోసం వచ్చిన అర్జీలు చూస్తున్నాం. ఒక అమ్మాయి అర్జీ చేతికి రాగానే మాలో ఒకరు, “వీళ్లు దూదేకులవాళ్లు కదా?” అన్నారు. గొంతులో ద్వేషమేమీ లేదు, మామూలుగానే అన్నారు. ఎవరూ ఖండించలేదు. అర్జీ కట్ట అడుగుకు వెళ్లింది. నెల తర్వాత మాలో పెద్దాయన ఒకరు దాన్ని పైకి తీసి, “రేపు అల్లాహ్ ముందు ఈ కాగితం ఎక్కడుందని అడిగితే ఏం చెబుతాం?” అన్నారు. సాయం అందింది. కానీ ఆ నెల రోజుల్లో ఆ అమ్మాయి కాలేజీ ఫీజు కోసం తండ్రి వడ్డీకి అప్పు చేశాడు. ఆ వడ్డీ మా మౌనం ఖరీదు. నూర్‌బాషా సోదరులు మనతో ఒకే సఫ్‌లో నిలబడతారు. పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి వారిని రెండో వరుసకు నెట్టేస్తాం.

5. నజ్జాషీ గీసిన గీత

మతాల మధ్య సంభాషణకు మన చరిత్రలో అందమైన నిదర్శనం హబషా. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు సముద్రం దాటి ఆ దేశం వెళ్లారు. అక్కడి రాజు నజ్జాషీ నల్లజాతి క్రైస్తవుడు. ఆయన ముందు హజ్రత్ జాఫర్ (రజి) సూరా మర్యమ్ చదివి వినిపించారు. రాజు కన్నీరు పెట్టుకున్నారు. ఈసా (అ) గురించి అడిగితే జాఫర్ (రజి) మన విశ్వాసాన్ని దాచలేదు. నజ్జాషీ నేలమీది పుల్ల తీసి, మన మధ్య తేడా ఇంతకు మించి లేదన్నట్టు మాట్లాడి, వారికి ఆశ్రయమిచ్చారు. తర్వాత ఆయన ఇస్లాం స్వీకరించారని మన గ్రంథాలు చెబుతాయి. ఆయన మరణించినప్పుడు ప్రవక్త (స) మదీనాలో జనాజా నమాజు చేయించారు. ‘ది మెసేజ్’ సినిమాలోనూ ఈ ఘట్టం ఉంది. అందులో రాజు పుల్లతో నేలమీద గీత గీస్తాడు.

క్రైస్తవుల గ్రంథంలో పౌలు రోమీయులకు రాసిన లేఖ 11వ అధ్యాయంలో అంటుకట్టిన కొమ్మ ఉపమానం ఉంది. అడవి ఒలీవ కొమ్మను మంచి చెట్టుకు అంటు కడితే, ఆ కొమ్మ గర్వపడకూడదని, తనను మోస్తున్నది వేరేనని గుర్తుంచుకోవాలని దాని భావం. నూజివీడు రసాల తోటల మధ్య పెరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మన దగ్గర నాటు టెంక మొలిపించి, దానిమీద రసం కొమ్మ అంటు కడతాం. కాయ పేరు చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి. మట్టిలో నీళ్లు వెతికేది నాటు వేరే. ఆ వేరు పేరు బజారులో ఎవరూ అడగరు.

6. ఇంట్లో చర్చించుకోవడానికి

ఈ పాఠాన్ని ఇంటిల్లిపాదీ చదివి, ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని కోరుతున్నాం.

ఒకటి: మన వీధిలోని క్రైస్తవ కుటుంబం ఏమి నమ్ముతుందో వారినే ఎప్పుడైనా అడిగామా, లేక ఎవరో చెప్పింది నమ్మేశామా?

రెండు: మన ఇంట్లో పిల్లల రంగు గురించి, సంబంధం చూసేటప్పుడు అమ్మాయి రంగు గురించి ఏ మాటలు వాడుతున్నాం?

మూడు: నూర్‌బాషా కుటుంబంతో వియ్యమందడానికి అడ్డు వస్తున్నది దీనా, అలవాటా?

నాలుగు: మన జకాత్ ఎవరికి చెందాలో షరీఅత్ నిర్ణయించింది. కానీ ఐచ్ఛికమైన సదఖా ముస్లిమేతరులకూ ఇవ్వవచ్చని ఉలమా చెబుతారు. పొరుగు పేటలో మందులకు డబ్బు లేక ఇబ్బంది పడుతున్న ఇంటికి, వారి నమ్మకంతో పని లేకుండా, మన చేయి చేరుతోందా?

ఆ రాత్రి గోనెపట్టా మీద కూర్చుని అడిగిన పిల్లవాడికి ఇప్పుడు జవాబు చెప్పగలం. ఆ తెరమీద ఉన్నది నటుడు, నాయనా. వారు చెప్పే కథ, మన గ్రంథం చెప్పేది కొన్నిచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల విడిపోతాయి. ఎక్కడ విడిపోతాయో పెద్దయ్యాక నువ్వే చదివి తెలుసుకో. ఈసా నబీ (అ) ముఖం మనం చూడలేదు. కానీ నీ పక్కన కూర్చున్నవాడి ముఖం కనబడుతోంది కదా, అతనికి కాస్త జరిగి చోటివ్వు.

అల్లాహ్ మన మనసుల్లో మిగిలిన జాహిలియత్‌ను తొలగించుగాక, మన దానాలను స్వీకరించుగాక. ఆమీన్.