లోకహితం - యువత బాధ్యత

ప్రళయదినాన కొన్ని ప్రశ్నలకు సమాధానం చెప్పనిదే మనిషి తన చోటు నుంచి కదలలేడని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. జీవితకాలాన్ని ఎలా గడిపావన్నది వాటిలో ఒకటి. యౌవనాన్ని ఎందులో ఖర్చు చేశావన్నది మరొకటి. యౌవనం కూడా జీవితంలో భాగమే కదా! మరి దాన్ని వేరుగా అడగటం దేనికి? శక్తి, తీరిక, నేర్చుకునే చురుకుదనం మూడూ ఒకేచోట ఉండే కాలం అది. అందుకే దానికి వేరుగా లెక్క ఉంది.

2015లో ఐక్యరాజ్యసమితిలోని 193 దేశాలు 17 అభివృద్ధి లక్ష్యాలను ఆమోదించాయి. ఆకలి, వ్యాధి, నిరక్షరాస్యత వంటి బాధలను 2030 నాటికి తొలగించాలన్నది వాటి సారాంశం. ఈ మాట వినగానే మన యువకులు రెండు రకాలుగా తప్పుకుంటారు. 'అది ప్రభుత్వాల పని, మా బస్తీ కుర్రాళ్ళం మేమేం చేయగలం?' అంటారు కొందరు. 'అది దునియా వ్యవహారం, దీన్‌కు సంబంధం లేదు' అంటారు మరికొందరు.

రెండో మాటకు దివ్యఖుర్ఆన్ ఎప్పుడో జవాబిచ్చింది. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని అల్ మాయిదా సూరా 32వ ఆయతు బోధిస్తోంది. ఆ ప్రాణం ఏ మతస్థునిదో, ఏ దేశస్థునిదో అక్కడ షరతు పెట్టలేదు. ఇక మొదటి మాటకు జవాబుగా రెండు ఉదాహరణలు చూద్దాం.

ఒక యువ సహాబీ

దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చేనాటికి జైద్ బిన్ సాబిత్ (రజి) పదకొండేళ్ళ బాలుడు. యూదుల నుంచి వచ్చే ఉత్తరాలు చదవడానికి, వారికి జవాబు రాయడానికి నమ్మకస్తుడు కావలసి వచ్చినప్పుడు, వారి లిపి నేర్చుకోమని ప్రవక్త (స) ఆయన్ను ఆదేశించారు. సుమారు పదిహేను రోజుల్లోనే ఆయన నేర్చేసుకున్నారు. అవసరమైన ఒక విద్యను పూర్తిగా పట్టుకున్నారు. ఆ తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఖుర్ఆన్‌ను ఒకచోట చేర్చే మహత్కార్యం ఈ యువకుని చేతుల మీదుగానే జరిగింది.

చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

రెండో ఉదాహరణ మన పొరుగు దేశానిది. నీళ్ళ విరేచనాలతో, కలరాతో పిల్లలు గంటల్లో ప్రాణాలు విడిచే రోజులవి. తగిన పాళ్ళలో ఉప్పు, చక్కెర కలిపిన నీటిని తాగించి కలరా రోగులను కాపాడవచ్చని 1968లో ఢాకాలో రుజువైంది. ఆ పరిశోధన నడిపిన వైద్యుల్లో ఇద్దరికి అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. 1971 యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీటినే తాగించారు. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు నాలుగు శాతం కన్నా తగ్గాయి.

కానీ వైద్యుడే లేని పల్లెకు ఈ విద్య చేరేదెలా? 1972లో ఏర్పడిన 'బ్రాక్' సంస్థ 1980 నుంచి పదేళ్ళపాటు కొద్దిపాటి చదువు గల యువతులను ఇంటింటికీ పంపింది. మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు - ఇదే పాఠం. అలా కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళలో తల్లులు తమ చేతులతో కలిపి నేర్చుకున్నారు.

ఈ పని సాఫీగా ఏమీ సాగలేదు. మొదట్లో నేర్చుకున్న తల్లులు కూడా దాన్ని పెద్దగా వాడలేదు. విచారిస్తే, నేర్పేవారికే దానిపై నమ్మకం లేదని తేలింది! తమకు విరేచనాలైతే వారు వేరే మందులు వాడుతున్నారు. అప్పుడు వారికి ఆ నీరు ఎలా పనిచేస్తుందో వివరంగా నేర్పారు. ఆ తర్వాత వారు తల్లుల ముందు తామే ఒక గుక్క తాగి చూపించసాగారు. పురుషులకు సంతల్లో, మసీదుల్లో విషయం చెప్పారు. అప్పుడు పరిస్థితి మారింది.

మనకు పాఠాలు

1. చేయని దాన్ని చెప్పడం అల్లాహ్‌కు ఎంత అయిష్టమో అస్సఫ్ సూరా ప్రారంభ ఆయతుల్లో చూస్తాం. సేవకు కూడా ఇదే సూత్రం. ముందు మనం నమ్మాలి, ఆచరించాలి, తర్వాతే ఇతరులకు చెప్పాలి.

2. పనికి లెక్క ఉండాలి. కొన్నాళ్ళ తర్వాత తనిఖీదారులు వెళ్ళి తల్లులకు ఎంత గుర్తుందో అడిగేవారు. దాన్నిబట్టే నేర్పినవారికి జీతం ముట్టేది. ఫొటో దిగి తిరిగి వచ్చేస్తే సేవ అయిపోదు.

3. చిన్నదని ఏ పనినీ తీసిపారేయకూడదు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్నారు ప్రవక్త (స).

యువకులారా! ఓఆర్ఎస్ పొట్లాన్ని ఎన్ని నీళ్ళలో కలపాలో మీ ఇంట్లో ఎందరికి తెలుసు? పొట్లం మీద రాసి ఉంటుంది. చదివి, మీ వీధిలో పదిమంది తల్లులకు నేర్పండి. నెల తర్వాత మళ్ళీ వెళ్ళి అడగండి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవారు ఆస్పత్రి చీటీ చదవలేని ముసలమ్మకు తోడు వెళ్ళండి. బడి మానేసిన ఒక్క పిల్లవాణ్ణి తిరిగి బడిలో చేర్పించండి. ముస్లిం ఇల్లా, హిందూ ఇల్లా అని చూడకండి. ప్రపంచాభివృద్ధి అనే పెద్ద మాటకు మొదటి గడప ఇదే.

తల్లిదండ్రులారా! పిల్లల మార్కులతో పాటు, ఈ వారం ఎవరికి ఉపయోగపడ్డారో కూడా అడగండి.

మన యౌవనాన్ని తన దాసులకు మేలు చేసే మార్గంలో ఖర్చు చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.