తొడగొట్టని వీరులు

చెల్లీ, కుంగ్‌ఫూ సినిమా అనగానే "అవి మొగపిల్లోళ్ల సినిమాలు కదక్కా" అంటావని నాకు తెలుసు. మన రాయచోటిలో చానామంది ఆడోళ్ల మాట అదే. అరుచుకుంటా గాల్లోకి ఎగిరి తన్నుకునేదే కదా అనుకుంటారు. నాకు మాత్రం ఆ పాత హాంకాంగ్ సినిమాలు మనలాంటోళ్ల కోసమే తీసినారనిపిస్తుంది. ఎందుకో చెప్తా, రొంతసేపు కూర్చో.

మన వీధుల్లోకి అవి కువైట్ దారినే వచ్చినాయి. సెలవుకు వచ్చినోళ్లు టేప్‌రికార్డర్లు, వీసీఆర్‌లు తెచ్చేవాళ్లు. టీవీ ముందర చాపలు పరుచుకుని, అద్దె క్యాసెట్లు తెల్లార్లూ చూసేవాళ్లం. బ్రూస్‌లీ, జాకీచాన్ అట్లా మనోళ్లయిపోయినారు. వాళ్ల మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా మా జేజి కథంతా విప్పి చెప్పేది: ఎవరు గురువు, ఎవరు ద్రోహి, ఎవరికి అన్యాయం జరిగింది. అదెట్లా సాధ్యమని పెద్దయినాక వెతికితే తెలిసింది. జాకీచాన్ పసితనం నుంచి పీకింగ్ ఒపేరా బడిలో పెరిగినాడు. ఆట, పాట, సాము, పల్టీలు అన్నీ అక్కడ కలిపే నేర్పుతారు. కథను ఒంటితో చెప్పడం వాళ్లకు చిన్నప్పుడే వచ్చేస్తుంది.

ఇప్పుడు మన సీమను సినిమాలో ఎట్లా చూపించినారో గుర్తు చేసుకో. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర'. హీరో పుట్టుకతోనే హీరో. యాడ నేర్చుకున్నాడు, ఎన్నాళ్లు నేర్చుకున్నాడు అని అడిగేవాళ్లుండరు. వంశం పేరెత్తి తొడగొడితే సుమోలు గాల్లోకి లేస్తాయి. ఆడోళ్లు వసారాలో నిలబడి ఏడుస్తా ఉంటారు. బలమనేది రక్తంలో వచ్చేదని చెప్పే కథలవి. మరి ఆ రక్తం కానోళ్ల సంగతేంది? కూలికి పోయేవాళ్ల బిడ్డకు, కువైట్‌లో ఇంటిపనికి పోయిన తల్లి కూతురికి అందులో చోటేది?

ఆ చోటు నాకు 'ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్'లో దొరికింది. 1978లో షా బ్రదర్స్ వాళ్లు తీసిన సినిమా. లౌ కార్‌ల్యుంగ్ దర్శకుడు, గోర్డన్ లియు హీరో. దొరల దౌర్జన్యానికి అయినవాళ్లను పోగొట్టుకున్న ఒక చదువుకునే పిల్లోడు దెబ్బలతో షావోలిన్ మఠానికి చేరతాడు. అక్కడ 35 గదులు, గదికొక సాధన. నేరుగా పైగదికే పోతానని తొందరపడి, అక్కడ నిలవలేక బయటికొస్తాడు. ఇక అడుగు నుంచి మొదలు. నీళ్ల మీద తేలే కట్టెలపై కాలు మోపి అవతలికి దాటితేనే బువ్వ దగ్గరికి పోయేది. దబీమని పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. ఆ తర్వాత నీళ్లు మోసే పని. రెండు చేతులూ బారజాపి చెరొక బకెట్ పట్టుకోవాల. రెక్కలకు కత్తులు కట్టి ఉంటాయి. నొప్పి పుట్టి చేతులు దించినాడంటే కత్తిమొన వాడి పక్కటెముకల్లోనే గుచ్చుకుంటుంది.

ఆ సీను చూసినప్పుడల్లా నా భుజాలు లాగుతాయి. ట్యాంకరు కోసం కాచుకుని, బిందె మీద బిందె పెట్టుకుని నడిచిన నేల మనది. ఆ నడకను మనవాళ్లు కష్టం అన్నారు, కర్మ అన్నారు, విద్య అని మాత్రం ఎవరూ అనలేదు. ఈ సినిమాలో నీళ్లు మోసేదే విద్య. నడిమి భాగమంతా కెమెరా ఆ పనినే ఓపిగ్గా చూస్తా ఉంటుంది. అన్ని గదులూ గెలిచినాక ఆ పిల్లోడు ఏమడుగుతాడో తెలుసా? 36వ గది పెట్టి, మఠం బయట ఉండే మామూలు జనానికి కూడా ఈ విద్య నేర్పాలంటాడు. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగేది అక్కడే.

లౌ కార్‌ల్యుంగ్ ఊరికే సినిమావాడు కాదు. వాళ్ల నాయనకు గురువు లామ్ సైవింగ్, ఆయనకు గురువు పేరుమోసిన వాంగ్ ఫేహుంగ్. అందుకే ఆయన ఫైటు తీస్తే తల నుంచి పాదం దాకా మనిషంతా కనపడతాడు. ఇప్పటి సినిమాల్లో మాదిరి చెయ్యొక ముక్క, కాలొక ముక్క కోసి అతికించేది లేదు.

ఆయనే 1981లో 'మై యంగ్ ఆంటీ' అని తీసినాడు. ఇది మన ఇంటి కథే చెల్లీ. ఆస్తి దురాశపరుడైన తమ్ముడి పాలు కాకూడదని, సావుకు దగ్గరైన ఒక ముసలాయన ఇంట్లో నమ్మకంగా ఉన్న పడుచుపిల్లను పెళ్లాడతాడు. ఆయన పోయినాక ఆ పిల్ల దస్తావేజులు ఎత్తుకుని, ఆయన అన్నకొడుకు ఇంటికొస్తుంది. ఆ కొడుకు నడివయసు మనిషి. అయినా వరసకు ఆమె చిన్నమ్మ, వంగి దండం పెట్టాల్సిందే! వయసు ఇరవై, పెత్తనం అరవైది. కత్తి పట్టిందంటే ఎదుటోళ్లు నిలవలేరు. ఆ పాత్ర వేసిన కారా హుయ్‌కి 1982లో మొట్టమొదటి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి బహుమానం వచ్చింది. చివరికొచ్చేసరికి ఫైటు మొగోళ్ల చేతికి పోవడం నాకు నచ్చలేదు, అది మాత్రం అన్యాయం.

అంతకంటే ముందే, 1966లో కింగ్ హు తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'లో చెంగ్ పీపీ ఉంది. దొంగలు పట్టుకుపోయిన అన్నను విడిపించేదానికి ఒక్కతే వస్తుంది. పూటకూళ్ల ఇంట్లో చుట్టూ దొంగలు కమ్ముకుంటే, కూర్చున్న చోటి నుంచి కదలదు, గొంతు పెంచదు. నాట్యం నేర్చుకున్న పిల్ల కాబట్టి కత్తి తిప్పినా అడుగు తాళం తప్పదు. 1978 నాటి 'డ్రంకెన్ మాస్టర్'లో బజారులో ఆడపిల్లతో ఆకతాయి వేషాలేసిన జాకీచాన్‌ను ఆ పిల్ల తల్లి నలుగురిలో ఉతికి పెడుతుంది. చూస్తే ఆమె వానికి స్వయానా మేనత్త! 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్' మీద మాత్రం నాకు కోపముంది. ఏంజెలా మావో అంతమందిని ఒంటరిగా ఎదిరించి, చివరికి అన్న పగకు కారణంగా మిగిలిపోతుంది. మన సినిమాల్లో చెల్లెళ్ల గతీ అదే కదా.

ఇంకొకటి విను. బ్రూస్‌లీ కుర్రతనంలో హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర నేర్చుకున్నది వింగ్ చున్ పద్ధతి. దాన్ని ఒక సన్యాసిని కనిపెట్టి, బలవంతపు పెళ్లి నుంచి తప్పించుకోవాలనుకున్న ఒక పిల్లకు నేర్పిందని వాళ్ల గురుపరంపరలో కథ చెప్పుకుంటారు. 1994లో మిషెల్ యో అదే పేరుతో సినిమా చేసింది.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, మీ పాప బడిలో ఆత్మరక్షణ క్లాసులు పెడుతున్నారని చెప్పినావు కదా. సమగ్ర శిక్ష కింద సర్కారు బడుల్లో 6 నుంచి 12 దాకా చదివే ఆడపిల్లలకు మూడు నెలలు నేర్పిస్తారు, రాణి లక్ష్మీబాయి పేరుమీద. "చెయ్యో కాలో విరిగితే రేపు పెళ్లికి ఎట్లా" అని వెనక్కి లాగొద్దు తల్లీ. మూడు నెలల్లో ఒళ్లు నిద్ర లేస్తుంది, అంతే. బడిలో ఆపేసినాక మిద్దె మీద పొద్దున్నే అరగంట చేసుకోనీ. ఆ అరగంట కసువు ఊడ్చమని, గిన్నెలు తోమమని పిలవొద్దు.

చూపించాలంటే 'మై యంగ్ ఆంటీ'తో మొదలుపెట్టు, నవ్వు ఎక్కువ. '36త్ ఛాంబర్' మొదట్లో రక్తం ఉంటుంది, చిన్నోడు పక్కనుంటే వాడు నిద్రపోయినాక పెట్టుకోండి. మీ అత్తను కూడా పిలుచుకో. చిన్నమ్మ వరసల పంచాయితీ మనకంటే ఆమెకే బాగా తెలుసు.