వేటగాని కల

ఆకలి తీర్చుకోవడానికి చేసే వేట వేరు, కీర్తి కోసం చేసే వేట వేరు. మొదటిదానిలో దొరికిన జంతువుతో వేటగాడు తృప్తి పడతాడు. రెండవదానిలో అతని మనసు ఒక్క మృగం మీదనే లగ్నమై ఉంటుంది. ఆ మృగం ఎంత బలిష్ఠమైనదైతే, ఎంత అరుదైనదైతే కోరిక అంత తీవ్రమవుతుంది. మన పూర్వులు మృగయా వినోదాన్ని కావ్యాలలో ఉత్సాహంగా వర్ణించారు. అయినా వేటను సప్తవ్యసనాలలో ఒకటిగానే లెక్కించారు. మృగరూపంలో ఉన్న ముని దంపతులను బాణంతో కొట్టి పాండురాజు శాపగ్రస్తుడైన కథ మనకు తెలిసినదే.

ఆధునిక కాలంలో ఈ కోరికకు పెద్ద రంగస్థలం ఆఫ్రికా ఖండం. అక్కడ సింహం, ఏనుగు, ఆఫ్రికా అడవిదున్న, చిరుతపులి, ఖడ్గమృగం అనే ఐదింటిని వేటగాళ్లు 'బిగ్ ఫైవ్' అని పిలుచుకొన్నారు. ఈ ఎంపికకు ఆకారం ఒక్కటే కారణం కాదు. చిరుతపులి కంటె జిరాఫీ ఎంతో పెద్దది. అయినా ఈ జాబితాలో దానికి చోటు లేదు. కాలినడకన వెళ్లి వేటాడటానికి మిక్కిలి కష్టమైనవి, అపాయకరమైనవి ఈ ఐదే. గాయపడిన అడవిదున్న పొదలలో పొంచి ఉండి, తన్ను వెంటాడే వానిపైనే విరుచుకుపడుతుంది. ప్రాణభయమే ఆ వేటకు విలువ కట్టింది.

క్రమంగా ఆ విలువకు కొలబద్ద కూడా వచ్చింది. చచ్చిన జంతువులను సజీవంగా కనిపించేటట్లు తీర్చి నిలబెట్టడంలో లండన్ నగరవాసి రోలాండ్ వార్డ్ పేరుపొందాడు. జంతువుల కొమ్ముల కొలతలను నమోదు చేస్తూ ఆయన 1892లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ తరువాత అందులో తన పేరు చూసుకోవడం ఎందరో వేటగాళ్ల కల అయింది. పొడవైన కొమ్ములు, పెద్ద దంతాలు ఉన్న మగజంతువే వారి గురి. ప్రకృతిలో ఆ లక్షణాలు గల మగజంతువే తన జాతికి బలమైన సంతానాన్ని ఇస్తుంది. కెనడాలోని రామ్ మౌంటెన్ అనే కొండపై పెద్ద కొమ్ముల గొర్రెపోతులను ఏళ్ల తరబడి ఏరి చంపడం వల్ల, తరువాతి తరాలలో కొమ్ములు చిన్నవయ్యాయని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. వేటగాడు దేనిని కోరాడో దానినే తన చేతులతో తరుగజేశాడన్నమాట.

అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ జీవితంలో ఈ వైరుధ్యం స్పష్టంగా కనిపిస్తుంది. అధికారంలో ఉండగా ఆయన విశాలమైన అడవులను సంరక్షిత ప్రాంతాలుగా ప్రకటించాడు. పదవి నుండి దిగిన కొద్ది వారాలకే, 1909 మార్చిలో, కుమారుడు కెర్మిట్‌తో కలసి ఆఫ్రికాకు బయలుదేరాడు. స్మిత్సోనియన్ సంగ్రహాలయం కోసం సాగిన ఆ యాత్రలో తండ్రీకొడుకులు చంపిన జంతువుల సంఖ్య 512.

భారతదేశంలో వేటగాని కల పెద్దపులి. సంస్థానాధీశులకు, ఆంగ్ల అధికారులకు పులివేట రాచఠీవికి గుర్తు. గ్రామీణులు డప్పులు మోగిస్తూ పులిని అడవిలో నుండి తరుముకొని వచ్చేవారు. దొరలు మంచె పైనో, ఏనుగు పైనో కూర్చుండి కాల్చేవారు. అపాయమంతా నేలమీద నడిచేవారిది, కీర్తి పైన కూర్చున్నవారిది. 1902లో హైదరాబాదు రాజ్యంలో వైస్రాయి లార్డ్ కర్జన్ సతీసమేతుడై, వేటాడిన పులి చెంత నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రం ఆ కాలపు అభిరుచికి సాక్ష్యం. సర్గుజా మహారాజు ఒక్కరే వెయ్యికి పైగా పులులను చంపారని ప్రతీతి. చీతాల గతి మరీ విషాదకరం. 1947లో కొరియా సంస్థానంలో ఒకే రాత్రి మూడు చీతాలు తుపాకికి బలి అయ్యాయి. దేశంలో నమోదైన చివరి చీతాలు అవేనని చెబుతారు. 1952లో ఆ జాతి మన దేశంలో అంతరించినట్లు ప్రకటించారు. 2022లో నమీబియా నుండి ఎనిమిది చీతాలను తెచ్చి కూనో అడవిలో విడువవలసి వచ్చింది.

నైనిటాల్‌లో 1875లో జన్మించిన జిమ్ కార్బెట్ ఈ మోహాన్ని అనుభవించి, దానిని దాటినవాడు. 436 మందిని పొట్టనబెట్టుకొన్నదని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో ఆయన వేటాడాడు. నరభక్షకుల బారి నుండి ప్రజలను కాపాడిన వేట అది. కాని పవల్‌గఢ్ పులి విషయం వేరు. 1920 నుండి 1930 వరకు ఆ ప్రాంతపు వేటగాళ్లందరూ కలలుగన్న మహాకాయం అది. ఎందరినో తప్పించుకొన్న ఆ పులి చివరికి కార్బెట్ చేతిలోనే నేలకొరిగింది. క్రమంగా ఆయన తుపాకి కంటె కెమెరా వైపు మొగ్గాడు. పులి చర్మం దానిని చంపినవానికే ముచ్చట, పులి చిత్రం అందరికీ ఆనందమని భావించాడు. చిత్రం తీయడానికే ఎక్కువ ఓర్పు, నేర్పు కావాలని గ్రహించాడు. దేశంలో తొలి జాతీయోద్యానం 1936లో ఏర్పడటానికి తోడ్పడ్డాడు. నేడు అది ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది.

ఒక వ్యక్తిలో వచ్చిన మార్పు చట్టంగా మారడానికి మరి కొంతకాలం పట్టింది. 1972 నాటి గణనలో దేశంలోని పులులు 1,827 మాత్రమే. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో పులుల సంరక్షణ పథకం ఆరంభమైంది. 2022 గణన ప్రకారం వాటి సంఖ్య సుమారు 3,682. రెండు గణనల పద్ధతులు వేరైనా, జాతి నిలదొక్కుకొన్నదనడంలో సందేహం లేదు. మన నల్లమలలో పులుల రక్షణకు చెంచుల అడవి జ్ఞానం అక్కరకు వస్తున్నది.

వేటను పూర్తిగా నిషేధించడమే మార్గమా అన్న చర్చ ప్రపంచంలో ఇంకా ముగియలేదు. పాకిస్తాన్ పర్వతాలలో మార్ఖోర్ అనే మెలికల కొమ్ముల మేకను వేటాడటానికి ఏటా కొద్ది అనుమతులనే వేలం వేస్తారు. ఆ సొమ్ములో 80 శాతం స్థానిక ప్రజలకు చెందుతుంది. దానితో వారే ఆ జంతువుకు కాపలాదారులైనారు, దాని సంఖ్య పెరిగింది. ప్రాణానికి వెల కట్టడం న్యాయమా అని అడిగేవారి ప్రశ్న కూడా తోసిపుచ్చదగినది కాదు. ఏ మార్గమైనా ఒక్క పరీక్షకు నిలవాలి. నేటి వేటగాడు చూసిన మృగాన్ని రేపటి పిల్లవాడు కూడా అడవిలో చూడగలగాలి.

కఠిన పదాలకు అర్థాలు

మృగయా వినోదం = వేట అనే వేడుక
కొలబద్ద = కొలిచే సాధనం
వైరుధ్యం = పరస్పర విరోధం
ప్రతీతి = ప్రసిద్ధి, జనులు చెప్పుకొనేది
మహాకాయం = పెద్ద శరీరం గలది

ప్రశ్నలు

1. 'బిగ్ ఫైవ్' జంతువులు ఏవి? వాటిని ఎంపిక చేయడానికి కారణమేమి?
2. 'వేటగాడు దేనిని కోరాడో దానినే తరుగజేశాడు' అనే వాక్యాన్ని ఉదాహరణతో వివరించండి.
3. జిమ్ కార్బెట్‌లో వచ్చిన మార్పును వివరించండి.
4. పరిమితమైన వేటను అనుమతించడం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.