అమ్మమ్మ మోకాలి ఎత్తు పీట

బజారులో కానుక కొనడానికి అరగంట చాలు. అదే అమ్మమ్మ కూర్చోవడానికి ఒక ఎత్తుపీట మీరే చేయాలనుకోండి. ముందు ఆమెను చూడాలి. ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటుంది? లేచేటప్పుడు ఏ చెయ్యి ఆనిస్తుంది? ఒకే ఇంట్లో ఇన్నేళ్లున్నా మనం పట్టించుకోని సంగతులివి. ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ చెక్కతో ఏదో ఒకటి చేసిపెట్టే అలవాటు మనకు నేర్పే పెద్ద చదువు ఇదే. ఎదుటి మనిషిని శ్రద్ధగా చూడటం వస్తుంది.

కొలత ఎవరిది?

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించమనండి. నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా టేపు పట్టండి. పీట ఎత్తుకు అదే ఆధారం. మోకాళ్ల నొప్పులుంటే ఒకటి రెండు అంగుళాలు పెంచండి, లేవడం తేలికవుతుంది. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదా కుదురుగా నిలుస్తుంది. కానీ అంచు మీద బరువు పడితే ఒరిగిపోతుంది. అందుకే పెద్దవాళ్లకు నాలుగు కాళ్లే మేలు.

అదే చంటివాడికి బొమ్మ బండి అయితే ఆలోచన మారాలి. అంచులు గుండ్రంగా ఉండాలి, నోట్లో పట్టేంత ముక్క ఏదీ ఊడిరాకూడదు, రంగు నాకినా హాని చేయకూడదు. ఏటికొప్పాక బొమ్మల కళాకారులు అంకుడు కర్రను తరిణె పట్టి, గింజలు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగుల్ని లక్కతో కలిపి అద్దుతారు. ఆ బొమ్మల నునుపులో పసివాళ్ల మీద ఎంత శ్రద్ధ ఉందో చేత్తో తడిమితే తెలుస్తుంది.

చెక్క మాట వినాలి

మనిషిని చూసినట్టే చెక్కనూ చూడాలి. చారలు సాగే దిక్కున చిత్రిక పడితే పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది. ఎదురు పడితే పైపొర పెచ్చులుగా రేగిపోతుంది. రంపం తన పళ్ల మందం మేరకు చెక్కను పొడి చేస్తుంది కాబట్టి, గీతకు అవతల, పారేసే ముక్క వైపే కోయాలి. జిగురు పెట్టిన అతుకును ఒక రోజంతా ఆరనివ్వాలి. ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, ఆపైన 220తో ముగించాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే ముందటి గీతలు పాలిష్ వేశాక బయటపడతాయి.

ఇక్కడ కోపం పనిచేయదు. పలక పెచ్చులు లేస్తే, తిప్పి రెండో దిక్కు నుంచి ప్రయత్నించడమే దారి. ఈ ఓర్పు చేతులకు అలవాటైనవారు, మాట వినని కొడుకు ముందు కూడా గొంతు పెంచేలోగా ఒక క్షణం ఆగి కారణం వెతకగలుగుతారు.

పూర్తయ్యేదే ఎంచుకోండి

మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. తమ చేతులతో బిగించిన పెట్టెకు మనుషులు ఎక్కువ విలువ కడతారని అందులో తేలింది. అయితే పని సగంలో ఆగిపోతే ఆ మమకారం కనిపించలేదు. కాబట్టి మంచంతో మొదలుపెట్టకండి. తాళాలు తగిలించే పలక, ఫోను నిలబెట్టే చెక్క, ఆ తర్వాత పీట.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. మన చేతిపని మనకు ముద్దు, తీసుకున్నవారికి అది సౌకర్యంగా ఉండాలి. ఇచ్చిన నెలకు వెళ్లి చూడండి. పీట మూలన పడి ఉంటే నొచ్చుకోకుండా ఎందుకో అడగండి. ఎత్తు ఎక్కువైందంటే కాళ్లు కోసి ఇవ్వండి. మెప్పు కోసం చేశామా, మనిషి కోసం చేశామా అన్నది అప్పుడే తేలుతుంది.

టేపు, మూలమట్టం, రంపం, ఉలి, సుత్తి, చిత్రిక, రెండు క్లాంపులు ఉంటే చాలు. కలప అడితిలో మిగులు ముక్కలు చవకగా దొరుకుతాయి. కోసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు, రుద్దేటప్పుడు మాస్కు మరవకండి. ఉలి పదును ముందు చెయ్యి పెట్టకండి. తెలియనిది మీ వీధి వడ్రంగిని మర్యాదగా అడగండి, ఆనందంగా చూపిస్తారు.

ఏం చేయాలన్నది తర్వాత ఆలోచించవచ్చు. ముందు ఎవరికి చేయాలో తేల్చుకోండి. ఈ ఆదివారం టేపు తీసుకుని వారి దగ్గరికి వెళ్లండి.