గుర్రాలలో ఉబ్బసం, దురద: మందుల వినియోగం, పరిసరాల సంరక్షణ

మహదేవపుర, వర్తూరు, వైట్‌ఫీల్డ్ ప్రాంతాలలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని బాడుగకు పిలిపించుకోవడం పరిపాటి. నగర శివార్లలో స్వారీ నేర్పే కేంద్రాలూ ఉన్నాయి. ఈ గుర్రాలను సాకేవారిలోను, బాడుగకు తెచ్చుకునేవారిలోను, వాటి శాలల పొరుగున నివసించేవారిలోను తెలుగువారు ఉన్నారు. గుర్రం దగ్గుతున్నా, తోకను గోడకు రుద్దుకుంటున్నా ఒక సూది వేయించి తిరిగి పనికి పంపడం చాలాచోట్ల అలవాటుగా మారింది. సూది వలన దగ్గు తగ్గుతుంది. అయితే దగ్గుకు కారణమైన దుమ్ము శాలలోనే ఉంటుంది కనుక కొద్ది రోజులకే వ్యాధి తిరగబెడుతుంది, మళ్లీ సూది అవసరమవుతుంది. ఈ క్రమం గుర్రపు ఊపిరితిత్తులకే కాక, గిట్టలకు, చివరకు ప్రాణానికి కూడా ముప్పు తేగలదు. మందు ఎంతవరకు పనిచేస్తుందో, అంతకు మించి చేయవలసినది ఏమిటో ఈ పాఠం వివరిస్తుంది.

ఉబ్బసం లక్షణాలు

గుర్రం నోటితో గాలి పీల్చలేదు. ముక్కు ఒక్కటే దానికి శ్వాసమార్గం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం విశ్రాంతిగా నిలిచి ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు శ్వాసిస్తుంది. ఎండుగడ్డిలోని బూజు కణాలు, మేత దుమ్ము, మూత్రంతో తడిసిన పడకనుంచి వెలువడే అమోనియా వాయువు ఊపిరితిత్తులలోకి చేరినప్పుడు కొన్ని గుర్రాలలో సన్నని శ్వాసనాళాలు వాస్తాయి. వాటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపల జిగట కఫం పేరుకుంటుంది. ఈ మూడింటి వలన గాలి దారి ఇరుకవుతుంది. పూర్వం వేర్వేరు పేర్లతో వ్యవహరించిన ఈ స్థితులను 2016 నుంచి పశువైద్య నిపుణులు గుర్రపు ఉబ్బసం అనే ఒకే పేరు కిందికి తెచ్చి, స్వల్ప-మధ్యమ రూపం, తీవ్ర రూపం అని రెండుగా విభజించారు.

స్వల్ప రూపం ఏ వయసులోనైనా రావచ్చు. గుర్రం అప్పుడప్పుడు దగ్గుతుంది, పనిలో త్వరగా అలసిపోతుంది, కానీ నిలిచి ఉన్నప్పుడు శ్వాస మామూలుగానే ఉంటుంది. తీవ్ర రూపం సాధారణంగా 7 ఏళ్లు దాటిన గుర్రాలలో కనబడుతుంది. విశ్రాంతిలో కూడా ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, డొక్కలు ఎగసిపడతాయి. నెలల తరబడి అలా శ్రమించిన గుర్రానికి డొక్క వెంట కండరం పెరిగి గాడి వంటి గీత ఏర్పడుతుంది. తీవ్ర రూపాన్ని అదుపులో ఉంచవచ్చు గాని పూర్తిగా నయం చేయడం సాధ్యం కాదు. ఈ సంగతి ముందుగా తెలిసిన యజమాని ఒక్క సూదితో రోగం పోతుందని ఆశపడడు.

దురద, దద్దుర్లు

జూలు, తోక మొదలు, పొట్ట మధ్యభాగం వద్ద వెంట్రుకలు ఊడి, చర్మం మందమై, గుర్రం స్తంభాలకు రుద్దుకుంటూ ఉంటే కీటకాల కాటు వలన కలిగే ఎలర్జీని అనుమానించాలి. దీనికి ప్రధాన కారణం క్యూలికాయిడిస్ అనే జాతి. ఇవి దోమకంటే చాలా చిన్నవి, కంటికి సరిగా ఆనవు. తడి బురదలోను, కుళ్లిన ఆకులు, పేడ చేరిన చోట్లలోను పెరిగి, తెల్లవారుజామున, సంధ్యవేళ ఎక్కువగా కుడతాయి. వర్తూరు, కుందలహళ్లి, దొడ్డనెక్కుంది వంటి చెరువులున్న ఈ ప్రాంతంలో నీటి అంచున కట్టిన శాలలకు ఈ బెడద అధికం.

చర్మంపై హఠాత్తుగా లేచే దద్దుర్లకు కొత్త దాణా, కొత్త మందు, కీటకాల కాటు కారణం కావచ్చు. ఖాళీ స్థలాలలో దట్టంగా పెరిగే వయ్యారిభామ మొక్క, అనగా కన్నడిగులు కాంగ్రెస్ కళె అని పిలిచే కలుపు, మనుషులకూ పశువులకూ చర్మవ్యాధిని కలిగిస్తుంది. శాల చుట్టూ దానిని పూతకు రాకముందే చేతి తొడుగులతో పీకివేయాలి.

గోకుడు వలన పడిన చిన్న గాయాన్నీ ఉపేక్షించరాదు. ధనుర్వాతం గుర్రాలకు అతి సులభంగా సోకే వ్యాధి. దానికి టీకా ఉంది.

ఎలర్జీని పోలిన ఇతర వ్యాధులు

ఎలర్జీ వలన జ్వరం రాదు. గుర్రపు సాధారణ ఉష్ణోగ్రత సుమారు 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్. దగ్గుతోపాటు జ్వరం, చిక్కని పసుపుపచ్చ చీమిడి, దవడ కింద గడ్డలు కనబడితే అది అంటువ్యాధి కావచ్చు. ముక్కులో పుండ్లు, చర్మంపై వరుసగా లేచి పగిలే బొబ్బలు ఉంటే గ్లాండర్స్ అనే వ్యాధిని అనుమానించాలి. అది మనుషులకు కూడా సోకి ప్రాణాపాయం కలిగించగలదు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం దానిని ప్రభుత్వ పశువైద్యాధికారికి తెలియజేయడం తప్పనిసరి. అటువంటి గుర్రాన్ని వెంటనే వేరుగా ఉంచాలి, మరొక చోటికి తరలించరాదు.

దురద విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గజ్జి, పేలు, తామర ఎలర్జీ కావు. తామర ఉన్న గుర్రానికి స్టిరాయిడ్ ఇస్తే అది మరింత వ్యాపిస్తుంది, సంరక్షకునికి కూడా అంటుకోవచ్చు. కనుక పరీక్ష ముందు, మందు తరువాత.

మందులు: వాటి మేలు, వాటి హద్దు

మొదటి వర్గం స్టిరాయిడ్లు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ శ్వాసనాళాల వాపును, చర్మం దురదను బలంగా తగ్గిస్తాయి. ప్రెడ్నిసోన్ అనే పేరుగల మాత్ర మనుషులకు పనిచేసినా గుర్రం శరీరం దానిని సరిగా గ్రహించదు. అక్షరం తేడాతో పేరు ఒకటే అనిపించినా ఫలితం ఒకటి కాదు. స్టిరాయిడ్ల వలన గిట్టల లోపలి పొర వాచే లామినైటిస్ అనే వ్యాధి రావచ్చు. బలిసిన గుర్రాలకు, పూర్వం ఆ వ్యాధి వచ్చినవాటికి ఈ ముప్పు ఎక్కువ. గిట్టలు వేడెక్కడం, ముందుకాళ్లు చాపి బరువంతా వెనుకకాళ్లపై మోపడం దాని గుర్తులు. అటువంటి గుర్రం తిరిగి నడవలేని స్థితికి చేరవచ్చు. దీర్ఘకాలం వాడిన స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా మానకుండా, వైద్యుడు చెప్పిన రీతిలో మోతాదు తగ్గిస్తూ రావాలి. చట్టరీత్యా ఇవి వైద్యుని చీటీ లేనిదే అమ్మకూడని మందులు.

రెండవ వర్గం శ్వాసనాళాలను వదులుచేసేవి. క్లెన్‌బ్యుటరాల్‌ను నోటి ద్వారా ఇస్తారు. దాని వలన చెమట, వణుకు, గుండెదడ రావచ్చు. సాల్బ్యుటమాల్‌ను పీల్పించినప్పుడే ఫలితం ఉంటుంది, గుర్రానికి మాత్రగా ఇస్తే దాదాపు వృథా. ఈ మందులు బిగుసుకున్న కండరాన్ని సడలిస్తాయి గాని వాపును తీయవు. కేవలం వీటిపై ఆధారపడి దుమ్ములోనే ఉంచితే, తెరుచుకున్న దారిగుండా దుమ్ము మరింత లోతుకు పోతుంది. అత్యవసర స్థితిలో వైద్యులు వాడే అట్రోపిన్ ప్రేగుల కదలికను ఆపి కడుపునొప్పి తేగలదు కనుక సొంతంగా వాడరాదు.

ముక్కుకు అమర్చే తొడుగు ద్వారా పీల్పించే స్టిరాయిడ్లు నేరుగా ఊపిరితిత్తులకు చేరడం వలన శరీరంలోని మిగిలిన భాగాలపై వాటి ప్రభావం తక్కువ. ఖర్చు మాత్రం ఎక్కువ.

మూడవ వర్గం సెట్రిజిన్, హైడ్రాక్సిజిన్ వంటి ఎలర్జీ మాత్రలు. దద్దుర్లకు, కొన్ని గుర్రాలలో దురదకు ఇవి ఉపకరిస్తాయి. ఉబ్బసానికి వీటి మేలు స్వల్పం. కొన్ని మత్తు కలిగిస్తాయి కనుక మాత్ర వేసిన రోజున గుర్రంపై ఎవరినీ ఎక్కించరాదు. పందెపు గుర్రాల విషయంలో ఈ మందులలో అనేకం నిషేధ నియమాలకు లోబడినవి. ఎన్ని రోజుల ముందు మానాలో వైద్యుని అడగాలి.

ముఖం వాచి, శ్వాస ఆడక, గుర్రం తూలుతూ ఉంటే అది ప్రాణాపాయ స్థితి. మాత్రలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని రప్పించాలి.

శాలలో చేయవలసిన మార్పులు

మందు వాపును తగ్గించిన వ్యవధిలో శాలను సవరించడమే చికిత్సలో ప్రధాన భాగం. ఎండు రాగిగడ్డిని, వరిగడ్డిని మేపేవారు దానిని సుమారు అరగంట నీటిలో నానబెట్టి, నీరు ఓడ్చి, వెంటనే మేపాలి. మిగిలినది మర్నాటికి ఉంచరాదు, ఎండకు పులిసిపోతుంది. వానలో తడిసి బూజు పట్టిన గడ్డిని నానబెట్టి కూడా మేపరాదు. ఉలవలను, తవుడును తడిపి పెట్టాలి. మేతను ముక్కు ఎత్తున వలలో వేలాడదీస్తే దుమ్ము నేరుగా శ్వాసలోకి పోతుంది. నేలమీద తొట్టిలో పెడితే తల వంచి తింటుంది, కఫం కూడా కిందికి జారుతుంది.

పడకకు గడ్డికి బదులు దుమ్ములేని కొయ్యపొట్టు లేదా రబ్బరు పరుపు వాడడం మంచిది. తడిసిన పడకను ప్రతిదినం తీసివేయాలి. గుర్రాన్ని బయట కట్టిన తరువాతనే ఊడ్వాలి. గడ్డివామి శాలకు ఆనుకొని ఉండరాదు. సందెవేళ ఫంకా పెడితే సన్నని కీటకాలు ఆ గాలికి ఎగరలేవు. పలుచని వస్త్రం కప్పితే కాటు తగ్గుతుంది. కీటకాలను తరమడానికి వేపాకు పొగ వేసే ఆచారం ఉంది. దురద ఉన్న గుర్రానికి అది కొంత ఊరట అనిపించినా, ఉబ్బసం ఉన్న గుర్రానికి హాని చేస్తుంది.

పొరుగువారికీ ఇందులో పాత్ర ఉంది. ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను కాల్చడాన్ని నిషేధించాయి. ఎండుటాకుల కుప్పకు నిప్పుపెడితే ఆ పొగ శాలలోని గుర్రానికే కాక, పక్క ఇంటిలో ఉబ్బసంతో బాధపడే పిల్లవానికీ వృద్ధులకూ చేరుతుంది.

పని, విశ్రాంతి

విశ్రాంతిలో శ్వాస నిమిషానికి 20 దాటితే, లేదా డొక్కలు ఎగసిపడుతూ ఉంటే ఆ దినం ఊరేగింపు మానుకోవాలి. టపాసుల పొగ, జనరేటరు పొగ, గంటల కొద్దీ నిలబడడం అటువంటి గుర్రానికి మోయలేని భారం. వ్యాధిగ్రస్తమై పనికి తగని జంతువుచేత పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. బాడుగకు తెచ్చుకునే కుటుంబం కూడా గుర్రం దగ్గుతున్నదని గమనిస్తే వేరొక గుర్రాన్ని అడగడం న్యాయం. పెళ్లి ముహూర్తాలు లేని ఆషాఢం, ధనుర్మాసం విశ్రాంతికి, శాల మరమ్మతుకు అనువైన కాలాలు. అయితే ఆషాఢం వానకాలం కనుక గడ్డిని అంతకుముందే పొడి చోటికి చేర్చాలి.

వైద్యుని వద్దకు వెళ్లేముందు

మోతాదు బరువును బట్టి నిర్ణయమవుతుంది. తూకపు యంత్రం లేనిచోట కొలత టేపుతో అంచనా వేయవచ్చు. ముందుకాళ్ల వెనుకగా ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, ఆ సంఖ్యను దానితోనే గుణించి, భుజం మొననుంచి పిరుదు మొన వరకు గల పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించాలి. చుట్టుకొలత 160, పొడవు 140 అయితే బరువు సుమారు 300 కిలోలు.

ఒక పుస్తకంలో ప్రతి ఉదయం శ్వాసల సంఖ్య, ఉష్ణోగ్రత, దగ్గు, మేత మార్పు, ఇచ్చిన మందు వ్రాసి ఉంచాలి. గుర్రాన్ని నిశితంగా గమనించే విద్య మన దేశానికి కొత్త కాదు. శాలిహోత్రుని పేరిట సంస్కృతంలో అశ్వశాస్త్రం వెలసింది, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము రచించాడు. వారం రోజుల లెక్క చూసిన వైద్యునికి వ్యాధి కారణం పట్టుకోవడం సులభమవుతుంది.

హెబ్బాళలో 1958లో స్థాపితమైన పశువైద్య కళాశాలకు అనుబంధంగా చికిత్సాలయం ఉంది. సంచార పశువైద్య వాహనాల సమాచారానికి 1962 సంఖ్యకు ఫోన్ చేయవచ్చు. కన్నడం అంతగా రానివారికి కొన్ని మాటలు ఉపకరిస్తాయి: గుర్రం అంటే కుదురె, దగ్గు అంటే కెమ్ము, శ్వాస అంటే ఉసిరాట, దురద అంటే తురికె, జ్వరం అంటే జ్వర, గడ్డి అంటే హుల్లు, దుమ్ము అంటే ధూళు. వీటితోపాటు ఇంతకుముందు వేయించిన సూదుల పేర్లు, తేదీలు దాచకుండా చెప్పాలి. స్టిరాయిడ్ ఇదివరకే వేసినట్లు తెలియక మరొక మోతాదు ఇస్తే నష్టపోయేది గుర్రమే, దానిపై ఆధారపడిన కుటుంబమే.